డాక్టరును కింద పడెయ్యకూడదు

ఆ శనివారం ఉదయానికి ఉర్హో కంగస్ వేసుకున్న పథకంలో లోపమేమీ లేదు. కాఫీ తాగాలి. ముందురోజు మెరుగుపెట్టి ఉంచిన నల్ల తోలు బూట్లు తొడుక్కోవాలి. అందరికంటే ముందు చర్చికి చేరి, మెట్ల మీద పేరుకున్న మంచును గునపంతో చెక్కి పారెయ్యాలి. ఆ తరువాత మరి అయిదుగురితో కలిసి, తన ప్రాణమిత్రుడు డాక్టర్ రేనో సల్మెలా శవపేటికను చర్చిలోంచి వాహనం దాకా చేతులతో మోసుకు రావాలి. జనవరిలో నేల రాయిలా గడ్డకట్టి ఉంటుంది కనుక అక్కడ ఎవరూ గొయ్యి తవ్వరు. శ్మశానంలోని రాతిగదిలో పేటికను ఉంచి, మే నెలలో నేల మెత్తబడ్డాక పూడుస్తారు. కాబట్టి ఆ రోజుకు మొయ్యవలసిన దూరం కూడా పెద్దది కాదు.

రేనో, ఫిన్లండ్‌నుంచి వలస వచ్చిన కుటుంబాలు స్థిరపడ్డ డులూత్ నగరంలో నలభై ఏళ్ళపాటు విరిగిన ఎముకలు అతికించిన వైద్యుడు. తాను మాత్రం ఒక్క ఎముకా చెదరకుండా, గుండె ఆగి, నిద్రలోనే పోయాడు. సరస్సు మీది గాలి నేరుగా వచ్చి తగిలే ఆ ఏటవాలు వీధుల్లో, ఆయన చెయ్యి పడని మణికట్టు ఉన్న ఇల్లు అరుదు. "గడ్డకట్టే చలి ఎముకలు విరవదురా. ఆ చలికి మీరు ఇల్లు కదిలితేగా. కాస్త కరిగి, నాలుగు చినుకులు పడి, మళ్ళీ బిగుసుకుంటుంది చూడు, ఆ రోజు ఊరు ఊరంతా నా దగ్గరికే వస్తుంది" అని ప్రతి శీతకాలమూ ఆవిరిగదిలో బల్ల మీద కూర్చొని చెప్పేవాడు. చెప్పి ఊరుకోక, ప్రతి క్రిస్మసుకూ స్నేహితులందరికీ ముళ్ళ పట్టీలు పంచేవాడు. బూటు కింద తొడుక్కునే రబ్బరు పట్టీ, దానికి ఇనుప ముళ్ళు. స్నేహితులు వాటిని మర్యాదగా పుచ్చుకొని, ఇంటికి వెళ్ళి భార్యల చేతిలో పెట్టేవారు. మంచులో పుట్టిన మగవాడు ముళ్ళు తొడుక్కొని నడవడం, వారి దృష్టిలో, చేప సొరకాయ బుర్ర కట్టుకొని ఈదడం వంటిది.

అందుకే ముందురోజు సాయంత్రం ఉర్హో అయిదుగురికీ ఫోను చేసి ఆజ్ఞ జారీ చేశాడు. "తోలు బూట్లే వేసుకోండి. ముళ్ళు గిళ్ళు వద్దు. డాక్టరు పెట్టె మోస్తూ గుర్రాల్లా టకటకలాడుతూ నడిస్తే ఏం మర్యాద?" అయిదుగురూ ఒప్పుకొన్నారు. డాక్టరుకు చూపే ఆఖరి గౌరవం డాక్టరు మాటను తోసిపుచ్చడంతో మొదలవుతున్నదని ఎవరికీ తట్టలేదు.

ఉర్హోకు ఈ మోత ఒట్టి మర్యాద కాదు. ఇరవై ఏళ్ళ వయసులో, గడ్డకట్టిన సరస్సు మీద చేపలు పడుతూ అతడు కాలు విరగ్గొట్టుకున్నాడు. అప్పటికింకా విద్యార్థి అయిన రేనో అతడిని వీపున వేసుకొని, ఈదురుగాలిలో, ఒక్క అడుగైనా తడబడకుండా ఒడ్డుకు చేర్చాడు. దింపుతూ అన్నాడు: "ఇవాళ నేను మోశాను. నా వంతు వచ్చినప్పుడు నువ్వు మొయ్యి. కింద మాత్రం పడెయ్యకు." మొన్న వేసవిలో కూడా నవ్వుతూ గుర్తుచేశాడు. "చేతులు గట్టిగానే ఉన్నాయా, ఉర్హో?" ఉన్నాయన్నాడు ఉర్హో.

శుక్రవారమంతా చినుకులు పడ్డాయి. తెల్లవారేసరికి బిగుసుకుంది. ఉర్హో గునపం కోసం పెరటి కొట్టానికి బయలుదేరి, తన సొంత గుమ్మం ముందు, తాను కట్టిన మెట్టు మీదే జారిపడ్డాడు. పడేవాడు చెయ్యి చాపుతాడు. ఎడమచేతి మణికట్టులో ఎండుపుల్ల విరిగినట్టు చిన్న చప్పుడైంది.

వంటింట్లోంచి అతడి భార్య ఐలీ గొంతు వినబడింది. "ఏమయ్యా, ఏమిటా చప్పుడు?"

"ఏం లేదు. గునపం పడింది."

"గునపం మూలిగిందేమిటి?"

"పాత గునపం."

ఆ వీధుల్లో 'ఏం లేదు' అన్నది జవాబు కాదు, పెంపకం. ఉర్హో తండ్రి ఓడరేవులో కాలి మీద ఇనుప దూలం పడినప్పుడు అన్నది అదే మాట. ఇప్పుడు నిజం చెబితే ఐలీ అతడిని నేరుగా ఆసుపత్రికి లాక్కుపోతుంది, రేనోను ఇంకెవడో మోస్తాడు. యాభై ఏళ్ళుగా దాచుకున్న వంతు పరాయివాడి పాలవుతుంది. ఉర్హో పళ్ళు బిగించి, వాచిపోతున్న చేతిని నెమ్మదిగా నల్లటి చేతితొడుగులోకి దూర్చాడు. ఆ తరువాత కళ్ళ ముందు చీకట్లు తొలగేదాకా కొట్టంలోనే నిలబడి, గునపం చంకన పెట్టుకొని బయటికి వచ్చాడు.

చర్చి మెట్ల మీద మంచు గరుకుగా గడ్డకట్టి ఉంది. మంచు కరిగించడానికి ఉంచిన ఉప్పంతా పెట్టెలోనే ఒకటే గడ్డ అయి కూర్చుంది. గునపానికి రెండు చేతులు కావాలి. ఉర్హో కాసేపు ఆలోచించి కింద వంటగదిలోకి దిగాడు. సంఘం ఆడవాళ్ళు అప్పటికే అక్కడ అంత్యక్రియల కాఫీకి నీళ్ళు కాస్తూ, ఏలకుల రొట్టె కోస్తూ ఉన్నారు. ఐలీ కూడా వాళ్ళలో చేరింది.

"ఒక బకెట్టు వేణ్ణీళ్ళు ఇవ్వు" అన్నాడు ఉర్హో.

"దేనికి?"

"మెట్లకి."

"ఈ చలిలో మెట్ల మీద నీళ్ళు పోస్తావా? బుద్ధున్నవాళ్ళు ఉప్పు చల్లుతారు."

"గడ్డకట్టింది."

"గునపం తెచ్చావుగా మరి."

"పాతదన్నానుగా."

ఐలీ అతడి ముఖంలోకి ఒకసారి చూసింది. స్నేహితుడు పోయిన మనిషితో వాదించడం భావ్యం కాదనుకొని బకెట్టు ఇచ్చింది. ఉర్హో ఒంటిచేత్తో బకెట్టు తరువాత బకెట్టు మోసి పోశాడు. మంచు కరిగింది, పొగలు లేచాయి, నల్లటి రాయి తడితడిగా బయటపడింది. పని పూర్తయిందని సంతృప్తిపడి లోపలికి వెళ్ళి కాఫీ తాగాడు. అతడు కప్పు ఖాళీ చేసేలోపల చలి తన పని తాను చేసుకుపోయింది. ఇంతకుముందు మెట్ల మీద గరుకు మంచు ఉండేది. ఇప్పుడు పైనుంచి కిందిదాకా ఎక్కడా అతుకు లేని గాజు పరచుకొని, పైపెచ్చు తడిరాయిలా కనబడుతున్నది.

మోసేవాళ్ళలో మొదట వచ్చినవాడు ఇల్మరి. ఓడలకు ఖనిజం ఎత్తే రేవులో నలభై ఏళ్ళు పనిచేసిన మనిషి. సగం మెట్లు ఎక్కి, కనబడకుండా పోయాడు. తలుపు దగ్గర నిలబడ్డ ఉర్హో తొంగి చూశాడు.

"పడ్డావా?"

"లేదు. కూర్చున్నాను."

"మెట్ల మీదా?"

"ఎండ బావుంది."

ఆకాశంలో ఎండ ఛాయలు లేవు. ఇల్మరి కాసేపు ఎండను ఆస్వాదించి, లేచి, ఎడమచేతిని కోటు జేబులో పెట్టుకొని లోపలికి వచ్చాడు. ఆ తరువాత హైకీ వచ్చాడు. నలిగిపోయిన టోపీతో పైకి వచ్చి, కరచాలనానికి కుడిచేతికి బదులు ఎడమచేతిని చాపాడు. చివరగా పెల్కొనెన్ సోదరులు ముగ్గురూ కారు దిగారు. చేతులు పట్టుకొని నడవమని చిన్నప్పుడు తల్లి చెప్పిన మాటను అరవై దాటినా తప్పనివారు. పెద్దవాడు జారితే నడిమివాడు, నడిమివాడు జారితే చిన్నవాడు. ముగ్గురూ ఒకేసారి ఒరిగి, ప్రార్థనలో మోకరించి లేచినట్టు నిశ్శబ్దంగా లేచి, టోపీలు సవరించుకున్నారు.

ఇంతమంది జారాక ఉర్హో నోరు విప్పవలసింది. విప్పితే నీళ్ళు ఎవరు పోశారని అడుగుతారు. గునపం తెచ్చినవాడు నీళ్ళెందుకు పోశాడని అడుగుతారు. ఆ ప్రశ్న చివరికి చేతితొడుగు దగ్గరికి వస్తుంది. ఉర్హో నోరు విప్పలేదు.

శవవాహనం నడిపే లుండ్ చేతులు రుద్దుకుంటూ వచ్చాడు. "పెద్దాయనా, నా దగ్గర చక్రాల బండి ఉంది. లోపలంతా దాని మీద తోసుకొద్దాం. మెట్ల దగ్గర మాత్రం పట్టుకుంటే చాలు."

"రేనో కిరాణా సామాను కాదు, లుండ్."

"మీ ఫిన్లండ్ వాళ్ళకి మంచి చెప్పడం నాదే తప్పు."

"మీ స్వీడన్ వాళ్ళని అడిగితే కదా, చెప్పడానికి."

లుండ్ భుజాలెగరేసి వెళ్ళిపోయాడు. ఇక ఎవరు ఎటువైపు నిలబడాలన్న ప్రశ్న వచ్చింది. పేటికకు ఎడమపక్క నడిచేవాడు కుడిచేత్తో పట్టుకుంటాడు, కుడిపక్కవాడు ఎడమచేత్తో. ఉర్హో గొంతు సవరించుకొని, తాను ఎడమవైపు ఉంటానన్నాడు.

"నేనూ ఎడమవైపే" అన్నాడు ఇల్మరి. "ఆవిరిగదిలో రేనోకి ఎప్పుడూ ఎడమపక్కనే కూర్చునేవాణ్ణి."

"ఆవిరిగదిలో నువ్వు మూలన కూర్చునేవాడివి."

"ఎడమ మూల."

పెద్ద పెల్కొనెన్ నేల చూస్తూ, "మేం ముగ్గురం ఎడమవైపు ఉంటాం. విడివిడిగా నడిచే అలవాటు లేదు" అన్నాడు.

"అందరూ ఒక వైపే ఉంటే అది పెట్టె మొయ్యడం కాదురా, పడవ బోల్తా కొట్టించడం" అన్నాడు ఉర్హో.

అంతవరకూ మాట్లాడని హైకీ నెమ్మదిగా, "నేను కుడివైపు ఉంటాను" అన్నాడు. అందరూ అతడికేసి కృతజ్ఞతతో చూశారు. ఆ త్యాగానికి కారణం అతడి కుడి మణికట్టు అని వారికెలా తెలుస్తుంది? మిగిలిన చోట్లకు పేచీ సాగుతుండగానే రేనో భార్య సైమా వచ్చింది. నల్ల దుస్తుల్లో ఇంకా చిన్నదిగా కనబడుతున్నది.

"ఉర్హో, నువ్వు కుడివైపు, తల దగ్గర ఉండు" అంది. "ఆయనకి ఎడమ చెవి వినపడేది కాదు కదా. ఏదైనా చెప్పాలనుకుంటే ఆ వైపునుంచే చెప్పు."

ఉర్హో ఆమె ముఖం చూశాడు. "అలాగే, సైమా" అన్నాడు. పెల్కొనెన్ సోదరులు మాట నెగ్గించుకొని ఎడమవైపు సర్దుకున్నారు. ఇల్మరి పాపం కుడివైపు నడుమ పడ్డాడు, హైకీ అతని వెనక.

ప్రార్థన అయింది. ఆరుగురూ వంగి పిడులు పట్టుకొని లేచారు. పేటిక లేచింది, దానితోపాటు ఉర్హో ప్రాణం భుజం దాకా లేచింది. ఒక్కొక్కరూ మనసులో ఒకటే లెక్క వేసుకున్నారు: తన చెయ్యి ఒక్కటే చెడింది, తక్కిన అయిదుగురూ ఉన్నారు, బరువు వాళ్ళ మీదికి వదిలితే సరి. అందరూ వదలడంతో పేటిక ఎటూ వాలక, ఎవరికీ తేలికపడక, నడవ మధ్యగా కదిలింది. ఉర్హో కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారసాగాయి. వెనక ఇల్మరి గడ్డం వణుకుతున్నది. జేబుల్లో దాచిన ఎడమచేతులు అడుగడుగుకూ కుదుపు తింటుంటే, పెల్కొనెన్ సోదరులు ముగ్గురూ ఒక తల్లి బిడ్డల్లాగే ఏడుస్తున్నారు.

చర్చి అంతా నిశ్చేష్టమైంది. ఈ మగవాళ్ళు తమ తల్లిదండ్రులను పూడ్చిన రోజున కూడా కంట తడి పెట్టినవారు కారు. ముందు వరసలో ఒక ముసలామె వెక్కడం మొదలుపెట్టింది, దానితో ఆ బల్లా, వెనక బల్లా కదిలిపోయాయి. పాస్టరు ఆ స్నేహానికి చలించిపోయి, తలుపు దగ్గర చెయ్యి ఎత్తి ఊరేగింపును ఆపాడు.

"ఇటువంటి ప్రేమ ముందు తొందర తగదు" అన్నాడు. "కీర్తన మళ్ళీ మొదటినుంచి పాడదాం. అన్ని చరణాలూ."

అది చరణాలు చాలా ఉన్న కీర్తన. పాట అయ్యేదాకా పేటిక చేతుల్లోనే ఉంది. మూడో చరణంలో చిన్న పెల్కొనెన్ "అమ్మా" అన్నాడు, అది భక్తి అనుకున్నారు.

కీర్తన ముగిసింది. తలుపులు తెరిచారు. ఉర్హో కాళ్ళ ముందు మెట్లు, తన చేత్తో తాను పోసి పోత పోయించిన గాజు, వీధి దాకా మెరుస్తున్నది. చేతిలో ఇక స్పర్శ లేదు. ఒక్క అడుగు వేస్తే రేనో తనతోపాటు ఆ మెట్ల మీద దొర్లుతాడు. మొయ్యమన్నాడు, కింద పడెయ్యొద్దన్నాడు. రెండు మాటలూ నిలబెట్టడం ఇక సాధ్యం కాదని, ఒకటి నిలవాలంటే ఒకటి వదలాలని ఉర్హోకు ఆ గడప మీద స్పష్టమైంది.

"ఆగండి" అన్నాడు. "దింపండి. మెల్లగా."

పేటిక గడప లోపల నేలను తాకింది. ఉర్హో పళ్ళతో చేతితొడుగు లాగేశాడు. వంకాయ రంగుకు తిరిగిన చేతిని అందరికీ కనబడేలా ఎత్తాడు.

"విరిగింది. నేను మొయ్యలేను. మెట్ల మీద నీళ్ళు పోసింది కూడా నేనే."

 ఇల్మరి, "నాదీ విరిగింది" అన్నాడు.

"నాది కుడిది" అన్నాడు హైకీ.

పెద్ద పెల్కొనెన్ తమ్ముళ్ళ వైపు చూశాడు. "మావీ" అన్నాడు.

లుండ్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "అంటే ఇక్కడున్న ఏడుగురిలో ఎముకలన్నీ తిన్నగా ఉన్నది పెట్టెలో ఉన్న ఆయనొక్కడికేనన్నమాట."

సైమా కింద వంటగది వైపు తిరిగి ఐలీని పిలిచింది. ఐలీ, ఆమె వెనక మరి నలుగురు ఆడవాళ్ళు, చేతులు తుడుచుకుంటూ పైకి వచ్చారు. అందరి బూట్లకూ ముళ్ళ పట్టీలున్నాయి. ఏటేటా క్రిస్మసుకు మగవాళ్ళ పేరున వచ్చి, తమ వాటాకు పడ్డవే. సైమా కూడా బయట విడిచిన తన పట్టీలు తొడుక్కుంది. ఆరుగురు ఆడవాళ్ళూ పిడులు పట్టుకొన్నారు. కరకర, కరకర మంటూ గాజును కొరుక్కుంటూ రేనోను మెట్లు దింపారు. ఒక్క కుదుపు లేదు.

ఉర్హో గడపలో నిలబడి చూస్తున్నాడు. మొయ్యకపోతే పోనీ, పక్కన నడిస్తే చాలుననుకొని అడుగు ముందుకు వేశాడు. అది తోలు బూటు అన్న సంగతి మరిచిపోయాడు. కూర్చున్న భంగిమలో, హుందాగా, ఆడవాళ్ళనూ పేటికనూ దాటుకుంటూ జారి, శవవాహనం దగ్గరికి రేనో కంటే ముందు చేరాడు. చీలమండ చక్రానికి తగిలాక ఆగాడు. అతడిని లేపడానికి ఇల్మరి దిగాడు, అదే దారిన. ఇల్మరి కోసం హైకీ. పెల్కొనెన్ సోదరులు చేతులు పట్టుకొన్నారు.

లుండ్ ఆంబులెన్సుకు ఫోను చేశాడు. "ఊళ్ళో సగం మంది నేల మీదే ఉన్నారు, సాయంత్రం దాకా కుదరదు" అన్నది అవతలి గొంతు. "మీవాళ్ళు ఎక్కడ పడ్డారు?"

"చర్చి ముందు."

"అయితే అదృష్టవంతులే."

సైమా శవవాహనాన్ని చూసింది, నేల మీద వరసగా ఉన్న ఆరుగురినీ చూసింది. మంచు మీద జారకుండా గొలుసులు కట్టిన చక్రాలున్న బండి ఆ వీధిలో అదొక్కటే. "ఆయనని మళ్ళీ లోపలికి తీసుకెళ్దాం" అంది. "ఎలాగూ మే నెలదాకా ఆగేవాడే. వీళ్ళని ముందు తీసుకెళ్ళు, లుండ్."

ఆడవాళ్ళు రేనోను తిరిగి పైకి మోశారు. ఆరుగురు మగవాళ్ళను, అందులో ఇద్దరిని పడుకోబెట్టి, శవవాహనంలో సర్దారు. దారి పొడవునా గుమ్మాల్లో నిలబడ్డవాళ్ళు టోపీలు తీశారు. ఒకచోట ఒక పెద్దాయన టోపీ తీస్తూ జారాడు. లుండ్ ఆగలేదు, "ఖాళీ లేదు" అన్నాడు తనలో తాను.

ఆసుపత్రి నడవా అంతా పట్టీలు కట్టిన చేతులే. రేనో దగ్గర పని నేర్చుకున్న డాక్టర్ ప్రెబిచ్ నిద్ర లేని కళ్ళతో వచ్చి, ఉర్హోను గుర్తుపట్టింది.

"మీరు ఈపాటికి మా గురువుగారి అంత్యక్రియల్లో ఉండాలి కదా?"

"అక్కడినుంచే వస్తున్నాం."

"నేనూ రావాలని బట్టలు కూడా తెచ్చుకున్నాను. పొద్దుటినుంచి ఒక్కరు తగ్గితే ఇద్దరు వస్తున్నారు." ఆమె చీలమండ నొక్కి చూసింది. "నొప్పి ఉందా?"

"ఏం..." అన్నాడు ఉర్హో, ఆగాడు. "ఉంది. బాగా ఉంది."

ఆమె తల ఎత్తింది. "ఆయన మాకు చెప్పిన మొదటి పాఠం ఏమిటో తెలుసా? చలికాలంలో రోగి 'ఏం లేదు' అన్నాడంటే ముందు ఎక్స్‌రే తీయించండి, పేరు తరవాత అడగండి అని. మీ పేరు చెప్పలేదు గానీ, మీ ఉదాహరణలన్నీ చెప్పేవారు."

సాయంత్రం సైమా వచ్చింది. కోటు విప్పకుండానే మంచం అంచున కూర్చుంది. లుండ్ తిరిగి వచ్చి రేనోను రాతిగదికి చేర్చాడని చెప్పింది.

"నేను మొయ్యలేదు, సైమా" అన్నాడు ఉర్హో. ఈసారి కంట్లో నీళ్ళకు చెయ్యి కారణం కాదు. "యాభై ఏళ్ళు ఉంచుకొని, మొయ్యలేదు."

"పడెయ్యలేదు కదా."

"అది సగమే."

"సగమెందుకవుతుంది? రాతిగదినుంచి గోతి దాకా ఎవరు మోస్తారనుకున్నావు?" అంది సైమా. "మా ఆడవాళ్ళకి మే నెలలో తోట పనులుంటాయి."

మే నెల వచ్చింది. సరస్సు నీలంగా కదిలింది, శ్మశానంలో గడ్డి మడమల దాకా పెరిగింది. కట్లు విప్పుకొన్న ఆరుగురూ పాలిపోయిన మణికట్లతో రాతిగది ముందు నిలబడ్డారు. ఉర్హో కుడివైపు, తల దగ్గర నిలబడి, ఎడమచేత్తో పిడి పట్టుకున్నాడు. పేటిక లేచింది. దారిలో అతడు వంగి ఏదో అన్నాడు, ఏమన్నాడో ఎవరికీ వినబడలేదు. గోతి అంచున రేనోను ఆరుగురూ కలిసి, పసిబిడ్డను పడుకోబెట్టినంత మెల్లగా దింపారు.

వెనుదిరిగినప్పుడు సైమా చూపు వాళ్ళ కాళ్ళ మీద పడింది. ఒకరికి ఒకరు చెప్పుకోకుండానే, ఆరుగురి నల్ల బూట్ల కిందా ఇనుప ముళ్ళున్నాయి. ఎండలో మెత్తగా ఉన్న పచ్చగడ్డి వాటికి గుచ్చుకొని వస్తున్నది. డాక్టరు నలభై ఏళ్ళు చెప్పిన మాటను ఆ స్నేహితులందరూ కలిసి పాటించడం అదే మొదటిసారి. మంచు మాత్రం అప్పటికి కరిగి నెల దాటింది.